అది పేరు గొడవ కాదు

అమలాపురంలో 2022 మే 24న జరిగినదాని గురించి ఎవరిని కదిపినా ఒకటే మాట వినిపిస్తుంది. "మాకు అంబేడ్కర్ గారంటే గౌరవమేనండి. కానీ కోనసీమ పేరు జోలికి రావడం ఎందుకండి? కులం గిలం ఏం లేదు, అది పేరు గొడవ. రాజకీయాలోళ్లు చిచ్చు పెట్టారు, ఇటోళ్లూ అటోళ్లూ రెచ్చిపోయారు. అయిపోయిందేదో అయిపోయింది, మళ్లీ ఎందుకండి తవ్వడం?" రావులపాలెంలో బస్సు దిగిన దగ్గర్నుంచి రాజోలు దాకా, కొబ్బరి వర్తకుడి నుంచి రిటైరైన హెడ్మాస్టరు దాకా ఇదే వరస. ఈ మాటలో మర్యాద నిండుగా ఉంది, నిజం మాత్రం లేదు. పైగా దీన్ని అందరూ నమ్మేయడం వల్ల జిల్లాలో ఎంతోమందికి ఒక అన్యాయం జరిగిపోయింది. అందుకే దీన్ని ఊరికే వదలడానికి నాకు మనసొప్పడం లేదు.

జరిగింది ముందు చెప్పుకుందాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరి నుంచి విడిపోయి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా పుట్టింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు వినతిపత్రాలిచ్చాయి, ధర్నాలు చేశాయి. మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. జిల్లా పేరు 'డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ' అవుతుందని, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో రాసి ఇమ్మని చెప్పింది. ఆరో రోజునే, 144 సెక్షన్ అమల్లో ఉండగా, కలెక్టరేట్‌కి బయల్దేరమని పిలుపు వచ్చింది. గడియార స్తంభం సెంటర్‌కి వేలల్లో జనం చేరారు. లాఠీలు లేచాయి, రాళ్లు పడ్డాయి. ఎస్పీ సుబ్బారెడ్డితో సహా ఇరవై మందికి పైగా పోలీసులకు దెబ్బలు తగిలాయి. బస్సులు తగలబడ్డాయి. చీకటి పడేసరికి మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లూ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ కుమార్ ఇల్లూ మంటల్లో ఉన్నాయి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇచ్చిన గడువులో అప్పటికి ఇంకా ఇరవై నాలుగు రోజులు మిగిలే ఉంది.

కోనసీమ పేరు మీద ప్రేమతోనే ఇదంతా జరిగిందంటారు. ప్రేమ ఉందనే ఒప్పుకుందాం. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య పుట్టిన ఎవరికి ఉండదు? కానీ ఆ పేరుని ఎవరు తీసేశారు? నోటిఫికేషన్‌లో 'కోనసీమ' చెక్కుచెదరకుండా ఉంది, దాని ముందు ఇంకో పేరు చేరింది, అంతే. అసలు 2022కి ముందు కోనసీమ పేరుతో జిల్లాయే లేదు. గెజిట్‌లో ఎక్కకుండానే, ఏ కలెక్టరు సంతకం అక్కర్లేకుండానే ఆ పేరు తరతరాలుగా జనం నోట బతికింది. జగ్గన్నతోటకి ప్రభలు మోసుకెళ్లేవాళ్లు గానీ, 2011లో పంట విరామం ప్రకటించి దేశం దృష్టిని తమవైపు తిప్పుకున్న రైతులు గానీ తమ సీమ పేరు కోసం ప్రభుత్వ ఉత్తర్వు వైపు చూడలేదు. ఉత్తర్వు లేకుండా ఇన్నాళ్లు నిలబడ్డ పేరు, ముందు రెండు మాటలు చేరితే చచ్చిపోతుందా? ఏడు వారాల వయసున్న జిల్లా పేరు కోసం ఇల్లు తగలబెట్టేంత ప్రేమ పుట్టిందంటే, ఆ ప్రేమకి వేరే కారణం వెతకాలి.

వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు, రాష్ట్రంలో మిగతా జిల్లాల పేర్లు చూస్తే చాలు. ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. నెల్లూరుకి పొట్టి శ్రీరాములు పేరు చేరింది. కడపకి 2010లో వైఎస్ పేరు పెట్టారు. కడప పేరు కోనసీమ పేరు కంటే తక్కువ చరిత్ర ఉన్నదేమీ కాదు. 2022లోనే ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య, శ్రీ సత్యసాయి జిల్లాలు వచ్చాయి. రాజంపేటలోనూ హిందూపురంలోనూ జనం వేరే వేరే విషయాల మీద గొడవపడ్డారు, జిల్లా కేంద్రం ఎక్కడుండాలని నిరసనలు చేశారు. పేరు చూసి ఒక మంత్రి ఇల్లు కాల్చినవాళ్లు వీటన్నిటిలో ఎక్కడా లేరు.

ఇక్కడ ఇంకో మాట ఎదురొస్తుంది: ఆ జిల్లాల పేర్లలో ఉన్నవాళ్లందరికీ ఆ నేలతో సంబంధం ఉంది, అంబేడ్కర్‌కీ కోనసీమకీ ఏం సంబంధం? ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఎన్టీఆర్ జిల్లాలో లేదు, కృష్ణా జిల్లాలో ఉంది. దాని కోసం విజయవాడలో ఎవరూ ఒక్క రాయి కూడా విసరలేదు. అయినా సంబంధం అడిగారు కాబట్టి చెప్పుకుందాం. అంబేడ్కర్ 1936లో రాసిన 'కుల నిర్మూలన'ని తెలుగు చేసిన బోయి భీమన్నది రాజోలు దగ్గరి మామిడికుదురు. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నది ఆయనే. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలూ అంతే. ఆ రిజర్వేషన్ ఉన్న రాజ్యాంగం ఎవరి చేతి మీదుగా తయారైందో చిన్నపిల్లలకీ తెలుసు. కోనసీమ నుంచి పార్లమెంటుకి వెళ్లి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి ఆ దారిలోనే వెళ్లారు. ఇంతకంటే దగ్గరి సంబంధం ఏ జిల్లాకి ఉంది?

బాలయోగి పేరు ఎత్తగానే చాలామంది ముఖాలు వికసిస్తాయి. "ఆయన పేరు పెడితే మేమే సంతోషించేవాళ్లం కదండి" అంటారు. ఎదుర్లంక, యానాం మధ్య వంతెనకి ఆయన పేరుంది, దాని మీద ఎవరికీ పేచీ లేదు. నేను ఈ మాటని తేలిగ్గా తీసిపారేయను. అయితే వంతెనకీ జిల్లాకీ తేడా ఉంది. వంతెన దాటిపోయేది. జిల్లా పేరు మన చేత్తో మనం రాసుకునేది. ఆధార్ మీద, పాసుపుస్తకం మీద, పిల్లాడి టీసీ మీద, అమెరికా వెళ్లే అమ్మాయి పాస్‌పోర్టు అప్లికేషన్‌లో, పొలం దస్తావేజులో రాయాలి. పెద్దింటి ఆసామి కూడా తన పేరు కింద, తన ఊరి కింద అంబేడ్కర్ పేరు రాసుకోవాలి. విగ్రహమైతే దళితపేట మొదట్లోనో రోడ్డు మలుపులోనో ఉంటుంది, చూడకుండా తల తిప్పుకుని పోవచ్చు. చిరునామాలో ఉన్న పేరుకి తల తిప్పుకునే వీలు లేదు. మే 24న భగ్గుమన్నది ఇదే.

అనుమానం ఉన్నవాళ్లు మూఢం వెళ్లాక వచ్చే శుభలేఖలు తీసి చూడండి. పేరు అధికారికమై ఏళ్లు గడిచాయి. ప్రభుత్వ కాగితం మీద పూర్తి పేరుంటుంది. శుభలేఖ మీద, షాపు బోర్డు మీద, కొత్తగా కట్టిన కల్యాణ మండపం గేటు మీద 'కోనసీమ జిల్లా' అని మాత్రమే ఉండేవి నేను ఎన్నో చూశాను. నెల్లూరు వాళ్లూ పొడుగు పేరు రాయరు కదా అంటారు. నిజమే, వాళ్లది బద్ధకం. ఇక్కడ ఒకే వీధిలో రెండు శుభలేఖలు పక్కపక్కన పెట్టండి: పేట నుంచి వచ్చినదాంట్లో అంబేడ్కర్ పేరు పూర్తిగా ఉంటుంది, తరచూ బొమ్మతో సహా. ఊళ్లోంచి వచ్చినదాంట్లో ఉండదు. ఎవరు రాస్తారో ఎవరు రాయరో చూసి కులం చెప్పగలిగే చోట, అది కులం గొడవ కాదనడం ఎలా కుదురుతుంది?

"కాలినవాటిలో ఎమ్మెల్యే సతీశ్ ఇల్లు కూడా ఉంది. ఆయన మత్స్యకార వర్గం. మరి దళితుల మీద కోపం అనడం ఎలా?" అని గట్టిగా అడిగేవాళ్లున్నారు. ఇది అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు కూడా అందులోనే ఉంది. కులం గీసిన గీత దాటి అవతలివాళ్ల పక్కన నిలబడ్డాడనిపించినవాడికి కూడా కుల సమాజం శిక్ష వేస్తుంది. పల్లెటూళ్లో కులాంతర పెళ్లి చేసుకున్న జంటలో పై కులం అనిపించుకున్న పిల్లకి ఏం జరుగుతుందో మనకి తెలుసు. ఇక ఊరేగింపులో వచ్చినవాళ్లందరూ అంబేడ్కర్ ద్వేషులని నేను అనను. జెండా పట్టుకుని వచ్చి, రాళ్లు చూసి భయపడి ఇంటికి పోయినవాళ్లు చాలామంది ఉంటారు. పేరు నచ్చదని చెప్పే హక్కు వాళ్లకుంది, వీధిలో నిలబడి చెప్పే హక్కు కూడా ఉంది. నా తగువు వాళ్లతో కాదు. ఆ రోజుని 'భావోద్వేగం' అనే ఒక్క మాట కింద కప్పేసినవాళ్లతో.

పోలీసులు కొట్టబట్టే జనం తిరగబడ్డారని ఇంకో వాదన. లాఠీ ఛార్జి ముందా రాళ్లు ముందా అన్నది కోర్టులో సాక్ష్యం మీద తేలాల్సిన సంగతి, టీ కొట్టు దగ్గర తేలేది కాదు. కానీ లాఠీ దెబ్బ తిన్న కోపం లాఠీ పట్టినవాడి మీదికే పోతుంది. ఊళ్లో ఎక్కడో ఉన్న మంత్రి ఇంటికి దారి వెతుక్కుంటూ పోదు.

ఆ సాయంత్రం పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపారు. ఎస్పీకి దెబ్బ తగిలాక కూడా తుపాకీ జనం వైపు తిరగలేదు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ నిగ్రహాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అదే నిగ్రహం అందరికీ దక్కాలని అడుగుతాను. ఇదే అమలాపురంలో 2016 ఆగస్టులో, కరెంటు తగిలి చచ్చిపోయిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టేసి కొట్టారు. అప్పటికి గుజరాత్‌లోని ఊనాలో ఇలాంటిదే జరిగి నెలయినా కాలేదు. 2020 జూలైలో అప్పటి తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్లోనే ఒక దళిత యువకుడికి గుండు కొట్టించారు. మంత్రి ఇల్లు తగలబడిన రెండు నెలల లోపే, రావులపాలెం మండలం గోపాలపురంలో ఒక హోటల్లో అంబేడ్కర్ బొమ్మ ఉన్న కాగితం ప్లేట్లలో తిండి పెడుతున్నారని నిలదీసిన 18 మంది దళిత యువకుల్ని అరెస్టు చేశారు. వేల మంది గుమిగూడినప్పుడు ఓపిక పట్టిన వ్యవస్థకి, పద్ధెనిమిది మంది ప్రశ్న అడిగినప్పుడు ఆ ఓపిక ఏమైంది? ఆ వేల మందిలో ఎక్కువ మంది పేటల నుంచి వచ్చినవాళ్లయి ఉంటే తుపాకీ ఆకాశం వైపే ఉండేదా అని దళితులు అడుగుతుంటే, నా దగ్గర ధైర్యంగా చెప్పగలిగే జవాబు లేదు.

ఇక 'రెండువైపులా తప్పుంది' దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ హాని చేసిన మాట ఇది. అమలాపురం జనాభా 2011 లెక్కల్లో అర లక్ష పైచిలుకు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ అనే ఊరు కూడా దాదాపు అంతే. బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన జనరల్ లీ విగ్రహాన్ని అక్కడి పార్కులోంచి తీసేయాలని ఊరు నిర్ణయిస్తే, 2017 ఆగస్టులో తెల్లజాతి ఆధిక్యవాదులు కాగడాలతో ఊరేగారు. వాళ్లకి ఎదురుగా జాతి వివక్షను వ్యతిరేకించేవాళ్లు వీధిలోకి వచ్చారు. ఆగస్టు 12న వీళ్ల మీదికి ఒకడు కారు పోనిచ్చి హెదర్ హేయర్ అనే 32 ఏళ్ల యువతిని చంపేశాడు. అప్పటి అధ్యక్షుడు ట్రంప్ రెండువైపులా మంచివాళ్లున్నారన్నాడు. పోలీసులు సమయానికి కలగజేసుకోకుండా నిలబడిపోయారని తర్వాత జరిగిన స్వతంత్ర విచారణ తప్పుపట్టింది. ఆ ఊరు దాన్ని మర్చిపోయి ఊరుకోలేదు. కారు నడిపినవాడికి యావజ్జీవం పడింది. దెబ్బలు తిన్నవాళ్లు దావా వేస్తే, 2021 నవంబరులో జ్యూరీ ఆ ర్యాలీ నిర్వాహకులు కోట్ల డాలర్లు కట్టాలని తేల్చింది. విగ్రహం అదే ఏడాది జూలైలో దిగిపోయింది.

అంత దూరం ఎందుకు, మహారాష్ట్ర ఉంది. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని 1978 జూలై 27న శాసనసభ తీర్మానించగానే మరాఠ్వాడా పల్లెల్లో దళితుల ఇళ్లు కాల్చారు, మనుషుల్ని చంపారు. అక్కడా ఇదే వాదన: అంబేడ్కర్ మీద ద్వేషం కాదు, మరాఠ్వాడా పేరు మీద అభిమానం. ప్రభుత్వం జంకి తీర్మానాన్ని అటక మీద పెట్టింది. పదహారేళ్లు పోరాటం సాగాక, 1994 జనవరి 14న డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం అని రెండు పేర్లూ కలిపి పెట్టారు. మన జిల్లాకి ప్రతిపాదించిన పేరు మొదటి రోజు నుంచీ అలాగే ఉంది! ఇక్కడ ప్రభుత్వం వెనక్కి తగ్గకుండా, జూన్ 24న మంత్రివర్గంలో ఆమోదించింది. అది మంచి పని.

కోనసీమలో ఆ రెండు వైపులూ ఏం చేశాయో పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు వాళ్లు వినతిపత్రం పట్టుకుని కలెక్టరేట్ మెట్లెక్కారు. అడిగింది ఒక పేరు. ఎవరి పొలం కాదు, ఎవరి ఉద్యోగం కాదు, ఎవరి గుడి కాదు. రెండోవైపు నుంచి నిప్పు వచ్చింది. ఈ రెండిటినీ ఒకే త్రాసులో వేసి సరితూగాయని చెప్పేవాళ్లు తమకి ఎవరి పక్షమూ లేదనుకుంటారు. నిప్పు పెట్టినవాళ్ల పక్షానే ఉన్నారు.

ప్రభుత్వం చేసిన తప్పుని దాచాల్సిన పని నాకు లేదు. మిగతా జిల్లాలకి మహనీయుల పేర్లు ఏప్రిల్ 4న ఒకేసారి పెట్టి, అంబేడ్కర్ పేరుని ఆరు వారాలు పక్కన పెట్టడం ఎందుకు? ఆ రోజే పెట్టి ఉంటే అది ఇరవై ఆరిట్లో ఒకటిగా కలిసిపోయేది. ప్రత్యేకంగా తెచ్చి, ఆ ఒక్క పేరు మీదే అభ్యంతరాలు చెప్పమని అడగడంతో వేలెత్తి చూపించినట్టయింది. ప్రతిపక్షాలు కూడా తక్కువేం తినలేదు. అంబేడ్కర్ పేరుని ఏ పెద్ద పార్టీ నేరుగా వద్దనలేదు. మంటలు లేచాక అధికార పక్షం వేలు వాళ్ల వైపు, వాళ్ల వేలు అధికార పక్షం వైపు. తమ కార్యకర్తలు ఆ గుంపులో ఉంటే వాళ్లని పేరుపెట్టి బయటికి పంపుతామన్న నాయకుణ్ణి నేను ఏ పార్టీలోనూ చూడలేదు. పది రోజులకు పైగా ఇంటర్నెట్ ఆపేసి, లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల వెంట తిరిగిన సాఫ్ట్‌వేర్ పిల్లలతో సహా జిల్లా మొత్తాన్ని ముద్దాయిల్లా చూడటం ఇంకో తప్పు. నేరం చేసినవాడిని పట్టుకోవాలి, లక్షల మంది నోరు మూయకూడదు. ఇకమీదట వీధిలో ఏ ప్రదర్శనకీ అనుమతి ఇవ్వకపోతే ప్రశాంతంగా ఉంటుందనేవాళ్లకీ ఇదే నా సమాధానం. పేటల్లో వాళ్లకి ధర్నా తప్ప వేరే ఆస్తి లేదు. దాన్ని మూసేస్తే నష్టపోయేది వాళ్లే.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది: మర్చిపోదాం అనడం. వందల మంది మీద కేసులు పడ్డాయి. వాళ్లలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చాలామంది. 2023 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కోనసీమ నాయకులతో కూర్చుని కేసులు ఎత్తేస్తామని ప్రకటించారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. పిల్లల భవిష్యత్తు, అన్నారు. ఉద్యోగాలు, వీసాలు, పెళ్లిళ్లు అన్నారు. ఆ తల్లుల ఆందోళన నాకు అర్థమవుతుంది, వాట్సాప్ పిలుపు విని వెళ్లిన కుర్రాడు పదేళ్లు కోర్టు చుట్టూ తిరగాలని నేనూ కోరుకోను. కానీ ర్యాలీలో నడిచినవాడు వేరు, రాయి వేసినవాడు వేరు, ఇంటికి నిప్పు పెట్టినవాడు వేరు. ఆ తేడా చూడటానికే న్యాయస్థానం ఉంది. అందర్నీ ఒకే గంపలో వేసి ఎత్తేస్తే, లాభపడేది పిల్లలు కాదు, వాళ్లని ముందుకు తోసి వెనక నిలబడ్డ పెద్దలు.

చట్టం కూడా అలా ఎత్తేయడానికి ఒప్పుకోదు. 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321 సెక్షన్ కింద కేసు ఉపసంహరించాల్సింది పబ్లిక్ ప్రాసిక్యూటరు, తన సొంత బుద్ధితో, కోర్టు అనుమతితో. కేరళ అసెంబ్లీలో 2015లో సామాన్లు విరగ్గొట్టిన ఎమ్మెల్యేల మీద కేసు ఎత్తేస్తామని ఆ రాష్ట్ర ప్రభుత్వం అడిగితే, 2021 జూలైలో సుప్రీంకోర్టు కుదరదంది. మైకులూ కుర్చీలూ విరిగితేనే ప్రజా ప్రయోజనం అడ్డొచ్చింది. ఇళ్లూ బస్సులూ కాలితే అడ్డురాదా? ఇల్లు కాలిన మంత్రి, ఎమ్మెల్యే అప్పుడు ఆ ప్రభుత్వ పక్షంలోనే ఉన్నారు కదా, వాళ్లకి లేని అభ్యంతరం మీకెందుకంటారు. మంత్రిగారు తన గోడల సంగతి క్షమించగలరు. ఆ మంటల్ని టీవీలో చూసి రాత్రంతా పేట మొదట్లో కాపలా కూర్చున్న మనిషి తరఫున క్షమించే అధికారం ఆయనకి ఎవరిచ్చారు?

దళితుల మీద జరిగిన నేరాలు ఈ రాష్ట్రంలో ఎలా కరిగిపోతాయో అందరం చూశాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. మన పక్కనే రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరులో దళితుల్ని హింసించి ఇద్దరికి గుండు కొట్టించిన కేసులో తీర్పు వచ్చింది 2024 ఏప్రిల్ 16న. అప్పటికి ఎమ్మెల్సీగా ఉన్న తోట త్రిమూర్తులుతో సహా దోషులకి 18 నెలల శిక్ష. ఇరవై ఏడేళ్లు ఎదురుచూసిన ఆ బాధితులు మర్చిపోదాం అనలేదు. ప్రతి వాయిదాకీ బస్సెక్కి వెళ్లారు.

అమలాపురం కేసుల్లో కూడా నేను అడిగేది అంతే. ఎత్తివేత కాగితాలు పక్కన పెట్టి, ఊరేగింపులో నడిచారనే ఒక్క కారణంతో పేరు ఎక్కినవాళ్లని మొదటి వాయిదాలోనే వదిలేయండి. ఇళ్లకీ బస్సులకీ నిప్పు పెట్టినవాళ్ల మీద, వాళ్లని పంపినవాళ్ల మీద విచారణ నడపండి. సాక్షులకి రక్షణ ఇవ్వండి. గోపాలపురం కుర్రాళ్ల కేసుకి పెట్టిన శ్రద్ధే దీనికీ పెట్టండి.